అక్క వేలి కింది పేరు

"పుస్తకం మీద నీ పేరే ఉంటుందక్కా" అని ఒకప్పుడు ఆమెకు మాటిచ్చి తప్పిన మనిషే, మొన్న ఆమె పోయిందని నాకు ఫోన్ చేశాడు. సంతాప సభలో తానే మాట్లాడతానన్నాడు. నేను రానన్నాను. నా మాటలు ఇక్కడ రాసుకుంటున్నాను.

ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన ఈ తమిళ ఊళ్లో, ఒర్లియంపేటలోని ఆమె మేడ మీద ఆదివారం మధ్యాహ్నాలు మా హాస్య రచయితల బృందం కూడేది. మేమంతా యానాం నుంచి, ఆంధ్ర నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లం. ఆమెది తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. తెలుగు చదవడం రాదు. అందుకే ఎవరేం రాసినా ఆమెకు చదివి వినిపించాలి. నవ్విందా, రచన గట్టెక్కినట్టే. నవ్వకపోతే ఆ కాగితంలోనే మురుకులు చుట్టి చేతికిచ్చేది.

"సుమ్మా ఊరికే మొగం మాడ్చుకోవద్దు తమ్ముడూ, ఇవైనా కరకరలాడతాయి."

ఎన్నో దేశాల హాస్యం చదివినవాణ్ణి. అయినా ఆ మేడ మీద చాలా మురుకులు తిన్నాను.

సముద్రపు గాలికి ఆరేసిన చీరలు తెరచాపల్లా ఉబ్బేవి. మేడే మెల్లగా ఎటో సాగిపోతున్నట్టుండేది. ఆ మగతలో ఒకనాడు ఆమే ఒక కథ చెప్పింది. ఫ్రెంచి పెన్షను వచ్చే మామగారు ఒక్కసారి తుమ్మితే, ఆ డబ్బు మీదే బతికే ఇంటిల్లిపాదీ వైద్యుడి కోసం పరుగులు తీసే కథ. కడుపు పట్టుకుని నవ్వాం. మా బృందం అధ్యక్షుడు దాన్ని రాసి అచ్చు వేయిస్తానంటూ అప్పుడే ఆ మాటిచ్చాడు. తీరా అచ్చయ్యాక అట్ట మీద ఉన్నది ఆయన పేరు.

"యాడుంది నా పేరు?" అని ఆమె అడిగితే, తన పేరు మీదే వేలు పెట్టి "ఇదిగో అక్కా" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమెకు నిజం చెప్పాను.

"తెలుసు తమ్ముడూ. ఆయప్ప మొగం చదివేదానికి అచ్చరాలు ఏందికి?"

ఆ తర్వాత ఎవరు మేడెక్కినా, అధ్యక్షుడు ఎదురుగా ఉండగానే పుస్తకం తెచ్చి, సరిగ్గా అక్కడే వేలు పెట్టి, "చూడండి, నా పేరు" అనేది. చదవగలిగినవాళ్లు ఆయనవైపు చూసేవాళ్లు. ఆయన వంచిన తల ఎత్తకుండా మురుకులు నమిలేవాడు. మేమంతా రాసిన వ్యంగ్యం దాని ముందు ఎందుకూ పనికిరాదు.

కానీ ఆమె మళ్లీ కథ చెప్పలేదు. ఎంత బతిమాలినా "నేను వినేదాన్ని, అంతే" అనేది.

నిన్న వెళ్లాను. మేడ మీద చీరలు లేవు. ఉత్త తీగ గాలికి ఊగుతోంది. ఆమె మేనకోడలు ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏళ్ల తరబడి ఆమె వేలు రాసుకుని, అట్ట మీద పేరు అరిగిపోయి, తెల్లటి మచ్చ మిగిలింది. ఆ మచ్చ ఆమెది. ఆమె చెప్పకుండా తీసుకుపోయిన కథలకు నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఒక్కణ్ణే. అట్ట మీద ఆయన పేరు చెరిగిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: ఎస్. వరదరాజులు.