సన్యాసమ్మ టీచరు కోసిన అర మార్కు

సున్నం ఉడికే వాసన నాకిప్పటికీ పడదు. నిన్న మా బడి గోడలకు వెల్ల వెయ్యడానికి వచ్చిన మేస్త్రి, డ్రమ్ములో గుల్లసున్నం వేసి నీళ్లు పోశాడు. కుతకుతమంటూ పొంగింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా కుడిచేతి పిడికిలి దానంతటదే బిగుసుకుంది. రాజాం దగ్గర పల్లెబడిలో సైన్సు చెప్పుకునే నేను, సున్నానికి భయపడతానంటే పిల్లలు నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

మాకు పదో తరగతిలో సైన్సు చెప్పిన సన్యాసమ్మ టీచరు పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆవిడ ప్రయోగశాల అంతా ఒక చేతిసంచీలో ఉండేది: పసుపు రాసి ఆరబెట్టిన కాగితాలు, నిమ్మకాయలు, సబ్బునీళ్లు, ఒకదాంట్లో ఆమ్లం, ఒకదాంట్లో క్షారం పోసి మూత బిగించిన రెండు మందుసీసాలు. పసుపు కాగితం సబ్బునీళ్లకి ఎర్రబడేది, నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడేది. మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం.

ఒక పరీక్షలో, ఆమ్లం, క్షారం కలిస్తే ఏమొస్తుందని అడిగారు. లవణం, నీరు అని రాశాను. అర మార్కు కోసేశారు. క్లాసులో ఫస్టు నేను, ఊరుకుంటానా? పుస్తకం పట్టుకుని వెళ్లాను.

"టీచరండీ, ఇందులో రెండే ఉన్నాయండి."

"మొన్న రెండు సీసాలూ కలిపి, గ్లాసు బయటనుంచి ముట్టుకోమన్నాను. ముట్టుకున్నావేటే?"

"నోట్సు రాసుకుంటున్నానండి."

"అదే మరి. పో."

ఆ అర మార్కు కోసం ఆవిడంటే నాకు ఒళ్లు మంట.

నెల తిరక్కుండానే బడి వార్షికోత్సవం వచ్చింది. వెల్ల వేసే పని పిల్లలమే మీదేసుకున్నాం. నా స్నేహితురాలు పైడితల్లి పొంగుతున్న సున్నాన్ని కర్రతో కలుపుతుంటే చుక్క ఎగిరి ఎడమ కంట్లో పడింది. అది కెవ్వుమంది. అందరూ బిక్కచచ్చిపోయారు, నేను తప్ప. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం. వరండాలో కుర్చీకి తగిలించి ఉన్న టీచరు సంచీలోంచి నిమ్మకాయ తీసి పళ్లతో కొరికాను. దాని కనురెప్ప పైకెత్తి, "ఉండవే పైడీ, ఇప్పుడే తగ్గిపోతాది" అంటున్నాను. ఎటునుంచి వచ్చారో, టీచరు నా మణికట్టు మీద ఒక్కటేశారు. నిమ్మచెక్క ఎగిరి పడింది.

"ఒగ్గెయ్! నీల్లే! నీల్లు తప్ప ఇంకేటీ ఒద్దు. బోరింగు కొట్టు!"

నేను కొడుతూనే ఉన్నాను. ఆవిడ దాని తల ధార కింద పెట్టి, రెప్పలు విడదీసి పట్టుకుని కడుగుతూనే ఉన్నారు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. రాజాం ఆసుపత్రికి ఆటోలో వెళ్తున్నంత సేపూ బిందెలోంచి నీళ్లు పోశారు. కన్ను దక్కింది.

మర్నాడు స్టాఫు రూము గుమ్మంలో నిలబడి అడిగాను. "టీచరండీ, నిమ్మరసం సున్నానికి విరుగుడు కాదాండీ?"

"అవుతాది. లవణం వస్తాది, నీల్లు వస్తాయి. దాంతోపాటు వేడి పుడతాది. ఎక్కడ? దాని కంట్లో."

అంతకు మించి ఆవిడ తిట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

నిన్న మేస్త్రి సున్నం కలుపుతుండగానే పైడితల్లి బడికొచ్చింది. దాని కూతురు ఇప్పుడు నా క్లాసే.

"ఏటే, నా పిల్లకి అర మార్కు కోసీసినావట? వేడి పుడతాదని పుస్తకంలో నేదట కదా?"

రెండు కళ్లూ నా మీదే పెట్టి అడిగింది. నాకు సిగ్గేసింది. ఆ రోజు నా చేతిలో ఏముందో, ఏం చెయ్యబోయానో అప్పుడు చెప్పాను, ఇన్నేళ్లకి. అది డ్రమ్ము దగ్గరికెళ్లి, బయటనుంచి వేలు తాకించి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"మరి మాదానికి గ్లాసు ముట్టించినావా?" అంది.

"ముట్టుకోమన్నాను. నోట్సు రాసుకుంటోంది."

"రేపు ఇంకోపాలి కలుపు," అంది పైడితల్లి. "నాను వస్తాను. నా ఎదర ముట్టుకుంటాది."