సైడ్‌కారులో నిద్రపోయిన మోతీ

దయ్యాలకు భయపడే తీరిక నాకు ఎన్నడూ లేదు. ఫలక్‌నుమాలో మా గుడిసె వెనకే ఖబరస్తాన్. దాని గోడ మీదే బట్టలు ఆరేసేదాన్ని, చీకటి పడ్డాక పోయి తెచ్చుకునేదాన్ని. ఒక్కనాడూ ఒక్కరూ నన్ను పలకరించలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

నిజాం రాజ్యం పోయి ఏడెనిమిదేళ్లు అయిందేమో. కృష్ణ మీద పెద్ద ఆనకట్ట పని అప్పుడే మొదలైంది. మా ఆయన తన తమ్ముడు మల్లేశ్‌ను వెంటబెట్టుకుని అక్కడికి రాళ్లు కొట్టే పనికి పోయాడు. నేను చార్మినార్ దుకాణాలకు లక్క గాజుల మీద అద్దాలు అతికిస్తూ ఇక్కడే ఉన్నాను. నాకు తోడు మోతీ. అది ఆయన పెంచిన కుక్క. పసుప్పచ్చటి ఒళ్లు, ఒక చెవి సగం తెగి ఉండేది. ఆయన పళ్లెంలోనే తినేది.

ఒకరోజు పొద్దున్నే లారీ డ్రైవర్ ఒకాయన కబురు తెచ్చాడు. మా ఆయనకు చలిజ్వరం ముదిరిందట.

"అక్కా, డాక్టర్ చేతులెత్తేసిండు. ఎన్నొద్దులాయె, జీవి పోతలేదు. మోతీ, మోతీ అని కలవరిస్తుండు. కుక్కను కండ్ల చూస్తే పానం సల్లగ పోతదంటున్రు పెద్దోళ్లు. తోలుకపో."

"మరి నన్నడగలేదా?"

డ్రైవర్ తల గోక్కున్నాడు. "నువ్వెట్లయినా వస్తవ్ గద అక్కా, గందుకే అడగలేదేమో."

మాలో అట్లా ఉంది. పోయేవాళ్ల ప్రాణం దేనిమీదైనా చిక్కుకుంటే దాన్ని తెచ్చి చూపిస్తారు. చూస్తే వదిలేస్తారు. అంటే నేను మోతీని తీసుకుపోతే ఆయన పోతాడు. తీసుకుపోకపోతే అట్లాగే కొట్టుకుంటూ ఉంటాడు. ఏది చేయాలో ఏ ఆడదానికి తెలుస్తుంది?

చివరికి మోతీని తీసుకునే బయల్దేరాను. బస్సు ఎక్కితే కండక్టర్ లొల్లి చేశాడు. "దిగు, దిగు! కుక్కను పక్కల కూసోబెట్టుకుంటవా?" అని దింపేశాడు.

బార్కస్‌లో సయీద్ భాయ్ అని మా ఆయన దోస్తు ఉండేవాడు. మిలిటరీ వాళ్లు వదిలేసిన పాత మోటార్‌సైకిల్‌ను బాగు చేసుకుని నడిపేవాడు. దానికి పక్కన తొట్టిలాగా సైడ్‌కారు. ఏడ్చుకుంటూ ఆయన వాకిట్లో నిలబడ్డాను.

"చెల్లె, వాడు నాకు భాయ్. పెట్రోల్ ఫికర్ నీకెందుకు? కూసో," అన్నాడు.

గల్లీ మొగలో ఎవరో అననే అన్నారు. "చూడుండ్రి, మొగడు సావుబతుకుల్ల ఉంటే కుక్కతోని మోటార్ల షికారు!" సయీద్ భాయ్ ఆ మాట మునిగిపోయేలా హారన్ కొట్టాడు.

ఇబ్రహీంపట్నం దాటాక ఇంజన్ వేడెక్కిందని చెట్టు కింద ఆపాడు. నేను మోతీని దింపి, పొద్దున కట్టిన మెడపట్టీ విప్పాను.

"పో మోతీ. ఇంటికి పో. నువ్వు రాకుంటే ఆయన ఉంటడే. పో!"

మట్టిగడ్డ తీసి విసిరాను కూడా. సయీద్ భాయ్ అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. మోతీ నన్ను చూసింది, తనంతట తానే సైడ్‌కారులోకి దూకి కూర్చుంది. నేనే ఓడిపోయి, పట్టీ మళ్లీ కట్టి బండి ఎక్కాను.

అప్పటినుంచి అది నా ఒళ్లో నిద్రపోయింది. బండి గుంతల్లో ఎగిరిపడుతోంది, అది కదలదు. పిలిచాను, చెవి పట్టి లాగాను, లేవలేదు. ముక్కు దగ్గర చెయ్యి పెడితే ఊపిరి ఉంది. ఎండ నడినెత్తికొచ్చి కొంచెం వాలినప్పుడు ఒక్కసారిగా లేచి నా చెయ్యి నాకింది. దాని ఒంటి నుంచి ఏదో ఘాటు వాసన. పెట్రోల్ అనుకున్నాను.

మేం చేరేసరికి రేకుల దవాఖాన ముందు మల్లేశ్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కోపంగా లేచాడు.

"యాడికి పోయినవ్ వదినా? కుక్కను లోపటికి తోలి నువ్వు మాయమైతవా? అన్న పోయిండు!"

ఇప్పుడే కదా బండి ఆగింది అన్నాను. వాడు వినలేదు. మధ్యాహ్నం మోతీ లోపలికి వచ్చిందట. మంచమెక్కి ఆయన చేతి కింద తల పెట్టిందట. కాంపౌండర్ కర్ర తీస్తే మల్లేశే దండం పెట్టి ఆపాడట. దాని మెడకు ఆకుపచ్చ పట్టీ ఉందన్నాడు. అది ఆ పొద్దున నేను నా చీర అంచు చింపి కట్టిన పట్టీ. అంతకుముందు దాని మెడకు ఏనాడూ ఏమీ లేదు.

"కసమ్ సే మల్లేశ్, పొద్దుగాల సంది కుక్క నా బండిలనే ఉన్నది," అని ఒట్టేశాడు సయీద్ భాయ్.

మల్లేశ్ మోతీని తడిమి చూసి, పట్టీ ముడి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

నేను లోపలికి పోయాను. గుమ్మంలోనే ఆ ఘాటు వాసన కొట్టింది. ఫినాయిల్. ఆయన పిడికిలి విప్పితే పసుప్పచ్చటి వెంట్రుకలు ఉన్నాయి. మోతీ మాత్రం మంచం దగ్గరికి రాలేదు. గుమ్మం బయటే పడుకుంది.

"పోయేముందు ఏమన్నడు?" అని మల్లేశ్‌ను అడిగాను.

"మోతీని నిమిరిండు. తర్వాత తలాపు దిక్కు చూసి 'బండి మీద నడుం నొచ్చిందా?' అన్నడు. నువ్వొచ్చి నా ఎనక నిలబడ్డవనుకున్న. మొగడుపెండ్లాల మాటలు నాకెందుకని తిరిగి చూడకుంటనే బయటికొచ్చిన. మస్తుసేపు మెల్లగ మాట్లాడుకుంట ఉన్నడు వదినా. తర్వాత సప్పుడు లేదు. పోయి చూస్తే కుక్క గూడ లేదు."

నేను బండి మీద వస్తున్నానని ఆయనకు ఎవరు చెప్పారు? లారీ డ్రైవర్‌కు కూడా ఆ సంగతి తెలియదు.

మోతీ అంటే నిద్రపోయింది, ఆ నిద్రలో ఎక్కడికి పోయొచ్చిందో నాకు తెలియదు. నేను నిద్రపోలేదు. దారికి అడ్డం వచ్చిన గొర్రెల మంద, సీతాఫలాల గంపతో చెయ్యెత్తిన ముసలామె, అన్నీ గుర్తున్నాయి. మరి ఆయన తలాపున కూర్చుని అంతసేపు విన్నది ఎవరు?

ఆయన చివరి మాటలు నాతోనే మాట్లాడాడు. నేను వినలేదు. ఇంకొక్క మాటన్నా నీ చెవిన పడిందారా అని, మల్లేశ్ కూడా కన్నుమూసేదాకా వాణ్ణి అడుగుతూనే ఉన్నాను.