ముఖలింగం వెళ్లిన రెండు లెన్సులు

పెళ్లయిన రెండో ఏడు మేము కోటబొమ్మాళి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా ఆయన ఆ స్టేషన్లో గూడ్సు క్లర్కు. పగలంతా ధాన్యం బస్తాలకు రశీదులు రాయడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కెమెరా ముందేసుకుని కూర్చోవడం ఆయన సరదా. విజయనగరంలో రిటైరైన డ్రాయింగు మాస్టారొకరు అమ్మేస్తుంటే కొన్న కెమెరా అది. దాని లెన్సు మర తిప్పి ఊడదీసి, ఇంకో లెన్సు బిగించుకోవచ్చు. కానీ మా దగ్గర ఇంకోటి ఉంటే కదా.

రైల్వే పాసుల పుణ్యమా అని ఏడాదికి రెండు మూడు ఊళ్లు చూసేవాళ్లం. మా అదృష్టమేమిటో గాని ఏ ఊళ్లో దిగినా పొద్దు వాలే వేళే అయ్యేది. గుళ్లలో పగలు కూడా చీకటే. పైగా ఉన్న లెన్సులో ఏదీ మొత్తంగా పట్టేది కాదు. గోపురం పడితే గుమ్మం పోయేది, నేను పడితే గోపురం పోయేది. భువనేశ్వరంలో గుడి మొత్తం పడాలని ఈయన వెనక్కి నడిచి నడిచి ఒక కొబ్బరిబొండాల కుప్ప మీద కూర్చున్నాడు. ఆ బొండాలతను ఒరియాలో ఏం తిట్టాడో మాకు అర్థం కాకపోవడం మంచిదే అయింది. ఫ్లాషు బల్బులు వాడొచ్చు గాని ఆ వెలుగులో మనుషులు మొహానికి పిండి పూసుకున్నట్టు వస్తారని మా ఆయనకు గిట్టేది కాదు.

మా తమ్ముడు సరుకుల ఓడ మీద ఇంజను గదిలో పనిచేసేవాడు. ఆ ఏడు వాడి ఓడ మరమ్మతుకని విశాఖపట్నంలో ఆగితే మమ్మల్ని చూడడానికి వచ్చాడు. బావ గోడు ఉత్తరాల్లో చదివి ఉన్నాడు కాబట్టి, సింగపూర్లో కొన్న రెండు లెన్సులు చొక్కాల మధ్య చుట్టి తెచ్చాడు. ఒకటి బాగా వెడల్పైనది, ఇరవై ఎనిమిది నంబరుది. గది మూల నిలబడితే గదంతా పట్టేస్తుంది. రెండోది ముప్పై ఐదు నంబరుది. మా పాతదానికన్నా వెడల్పే గాని మొదటిదంత కాదు. అయితే దాని కన్ను పెద్దది. మొదటిదాని కంటే దాదాపు మూడింతల వెలుగు లోపలికి తీసుకుంటుందని వాడు చెప్పాడు.

"రెండూ వాడి సూడండి బావా. నచ్చింది ఉంచుకోండి. మిగిలింది గరివిడిలో మా ఫ్రెండుకిస్తాను. ఆడికేదైనా ఒకటే" అన్నాడు. ఓడ కదిలేలోగా మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రమే మా ఆయన వెడల్పు లెన్సు బిగించి వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పొయ్యి దగ్గర నుంచి పెరటి గుమ్మం దాకా, మధ్యలో నాతో సహా, అంతా ఒకే చట్రంలో కనిపించేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. ఇక దీన్ని మించింది లేదని తేల్చేశాడు. నన్నూ చూడమన్నాడు. చూశాను. అంతా ఉన్నమాట నిజమే గాని, సంజవేళ కావడంతో నాకు అన్నీ మసిబట్టినట్టు కనిపించాయి. రెండోది బిగించమని అడిగి చూస్తే పొయ్యి మీద గిన్నె అంచు కూడా తెలిసింది.

"ఇందులోంచి నాకు కనిపిస్తోంది. అందులోంచి వెతుక్కోవాల్సొస్తోంది" అన్నాను.

కంటికి కనిపించడం వేరు, ఫోటోలో పడడం వేరని ఆయన నవ్వేశాడు. నాకు ఆ తేడాలు తెలియవు. కానీ నాకు కనిపించనిదాన్ని నేనెలా తియ్యాలి అనిపించింది. అప్పటికి నేను ఒక్క ఫోటో కూడా తియ్యలేదు.

వాడి చూడడానికి శ్రీముఖలింగం వెళ్దామనుకున్నాం. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ గుడికి దగ్గరలోనే వంశధార ఒడ్డున ఒక పల్లెలో మా ఆయన అమ్మమ్మ ఉండేది. ఆవిడకు రెండు కళ్లకూ శుక్లాలు ముదిరి ఏళ్ల తరబడి మనుషుల్ని గొంతుతోనే గుర్తు పట్టేది. ఆ మధ్య జరిగిన కళ్ల శిబిరంలో ఆపరేషను చేశారు. వెళ్లి చూడాల్సిన బాధ్యత ఎలాగూ ఉంది.

గుళ్లో పూజారిగారిని అడిగితే గర్భగుడి వైపు కెమెరా తిప్పవద్దు, మండపంలో మీ ఇష్టం అన్నారు. ఈయన వెడల్పు లెన్సుతో మండపమంతా పట్టుకునే ప్రయత్నంలో పడ్డాడు. వెలుగు చాలక బొత్తాం నొక్కాక కెమెరా కన్ను చాలాసేపు తెరుచుకునే ఉండాలి. ఆ సేపంతా చేయి కదలకూడదు. ఈయన ఊపిరి బిగబట్టి, కళ్లు పెద్దవి చేసి, నొక్కాక హమ్మయ్యా అని వదిలేవాడు. ఆ హమ్మయ్య తొందరపడి ముందే వచ్చేసేదని తర్వాత తెలిసింది. కాసేపటికి చేతులు నొప్పెట్టి, లెన్సు మార్చి కెమెరా నాకిచ్చాడు. బొమ్మ స్పష్టంగా రావడానికి దూరం ఎలా సరిచెయ్యాలో చూపించాడు. నేను ఒక స్తంభానికి భుజం ఆనించి, బయట నుంచి వచ్చే వెలుతురులో దీపారాధనకు వత్తులు చేసుకుంటున్న ఒక ముసలమ్మను తీశాను. ఆవిడ తలెత్తి చూసి మళ్లీ తన పనిలో పడిపోయింది.

అమ్మమ్మ ఇంటికి ఎడ్లబండి మీద చేరేసరికి ఆవిడ లోపలి గదిలో నులకమంచం మీద, కళ్లకు ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టుకుని కూర్చుని ఉంది. వెలుతురు తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఆవిడ ముగ్గురు కూతుళ్లూ, అంటే మా అత్తగారు, ఆవిడ అక్కచెల్లెళ్లూ అప్పటికే వచ్చి ఉన్నారు. ఇద్దరు అల్లుళ్లు కూడా ఉన్నారు. కెమెరా తెచ్చామని వినగానే అమ్మమ్మ తన జన్మలో ఫోటో దిగలేదని, అందరూ ఉన్నారు కాబట్టి ఇప్పుడే తియ్యమని పట్టు పట్టింది.

"ఇప్పుడు నీకు కనపడదు కదా అమ్మమ్మా. కళ్లజోడొచ్చాక తీస్తాను" అన్నాడు మా ఆయన.

"అప్పుడు ఈలందరూ మళ్లీ ఎక్కడొస్తార్రా? నువ్వు తియ్యి. కళ్లొచ్చినాక సూసుకుంటాను" అంది.

ముంగిట్లోకి తీసుకెళ్లడానికి లేదు, ఫ్లాషు మాట ఎత్తడానికి లేదు. ఉన్నదల్లా ఒక చిన్న కిటికీ. మర్నాడు ఉదయం అందరినీ ఆ గదిలోనే మంచం చుట్టూ నిలబెట్టాం. అమ్మమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, ఆ కాసేపటికి గుడ్డ నుదుటి మీదికి జరుపుకుంది. వెనక్కి జరగడానికి చోటు లేక మా ఆయన ధాన్యం గాదెకు వీపు ఆనించి, కెమెరాను ఒక స్టూలు మీద బోర్లించిన కుంచం పైన పెట్టాడు. వెడల్పు లెన్సులో అందరూ పట్టారు. కదలొద్దని ముందుగానే చెప్పాడు. ఎవరూ రెప్ప వెయ్యలేదు. అందరూ శిక్ష పడినవాళ్లలా నిలబడ్డారు.

తర్వాత ఈయనకూ అమ్మమ్మ పక్కన కూర్చోవాలనిపించింది. రెండో లెన్సు బిగించి కెమెరా నా చేతికిచ్చాడు. అందులో అందరూ పట్టడం లేదు. గాదెలోకి దూరిపోతే తప్ప పట్టరు. ఎవర్ని జరగమనాలో తెలియక నేను తటపటాయిస్తుంటే అమ్మమ్మ నా గొంతు వినిపించిన వైపు చెయ్యి చాపింది.

"ఏటే అమ్మీ, నువ్వు ఇందులో లేవేటి?" అంది.

నేను బొత్తాం నొక్కాను.

రీలు శ్రీకాకుళంలో స్టూడియోకి ఇచ్చాం. ఫోటోలు వచ్చిన రోజు మా ఆయన వాటిని చాప మీద పరిచి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. ఆయన తీసిన మండపాల్లో ఒక్కటి తప్ప అన్నీ కదిలిపోయి, స్తంభాలు రెండేసిగా కనిపించాయి. నేను తీసిన వత్తుల ముసలమ్మ వేళ్లు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఇంట్లో తీసిన మొదటి ఫోటోలో అందరూ ఉన్నారు, మొహాలు మాత్రం చిన్నగా, బూడిదరంగుగా వచ్చాయి. చివర నిలబడ్డ మా పెద్దత్త, అంటే మా అత్తగారి అక్క, పక్కకి సాగిపోయి రెండింతలైంది. వెడల్పు లెన్సు అంచుల్లో మనుషుల్ని అలా లాగుతుందని ఈయన సంజాయిషీ ఇచ్చాడు. రెండోదాంట్లో పెద్దత్త సగమే ఉంది, ఒక అల్లుడు అసలు లేడు. వెనకవాళ్లు కాస్త మసకబారారు. అమ్మమ్మ మాత్రం నోరు కొంచెం తెరిచి, చెయ్యి చాపి, కిటికీ వెలుగులో చెంప మీది ముడతలతో సహా ఉంది. పక్కన మా ఆయన ఆవిడ మాటకు నవ్వుతున్నాడు.

తేల్చుకోలేకపోయాం. రెండడుగులు వెనక్కి వేస్తే సరిపోయేదానికి వెలుగు తక్కువ లెన్సెందుకని నేను, వెనక్కి వెయ్యడానికి అడుగులేవీ అని ఆయన. గది ఎంతుంటుందో మన చేతిలో లేదన్నాడు. వెలుగూ మన చేతిలో లేదన్నాను. వంట చేస్తూ, అన్నం తింటూ, బావి దగ్గర కూడా ఇదే మాట. పక్క క్వార్టరు ఆవిడ మేమేదో ఇంటి గొడవ పడుతున్నామనుకుని ఒకసారి నచ్చజెప్పడానికి వచ్చింది.

అమ్మమ్మకు కళ్లజోడు వచ్చిందని కబురు తెలిశాక రెండు ఫోటోలూ పట్టుకుని వెళ్లాం. మా అత్తగారూ పెద్దత్తా ఆవిడకు తోడుగా అక్కడే ఉన్నారు. సోడాబుడ్డి అద్దాల వెనక ఆవిడ కళ్లు ఎంతో పెద్దవిగా కనిపించాయి. ముందు నన్ను చూసింది. నా గొంతే గాని నా మొహం ఆవిడకు తెలియదు, చూడడం అదే మొదటిసారి. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, బాగున్నావు అన్నట్టు తలూపింది.

నేను తీసిన ఫోటో చేతిలో పెట్టాను. మనవణ్ని గుర్తు పట్టింది. తర్వాత వేలు మధ్యలో ఆగింది.

"ఈ ముసిల్ది ఎవులే?" అంది.

మా అత్తగారు మెల్లగా, నువ్వేనమ్మా అంది. అమ్మమ్మ ఫోటోను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. రెండో చేత్తో తన చెంప తడిమి చూసుకుంది, ఫోటోలో ముడత ఎక్కడుందో అక్కడే తడిమింది.

"నానేటి, ఇంత ముసిల్దాన్నైపోనానా" అంది. బాధగా అనలేదు. ఎప్పుడో రావలసిన కబురు ఇప్పుడు వచ్చినట్టు అంది. ఆ తర్వాత నవ్వి, మా అమ్మ కూడా ఆకరికి ఇలగే ఉండీది అంది.

తర్వాత మా ఆయన తీసిన ఫోటో ఇచ్చాం. అందులో తన మొహం మీద వేలు ఆగనే లేదు. ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంది. సాగిపోయిన పెద్ద కూతుర్ని చూసి, అత్తోరింట్లో బాగా తింటన్నాదన్నమాట అనేసరికి పెద్దత్త మా ఆయన వీపు మీద ఒకటిచ్చింది. గోడకు ఏది పెట్టమంటావని అడిగితే అందరూ ఉన్నదే కావాలంది. నేను తీసింది మాత్రం మడత పడకుండా ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టించింది.

మా ఆయన నా వైపు చూసి కళ్లెగరేశాడు. తన లెన్సే గెలిచిందని ఆ చూపుకర్థం. నేనూ ఒప్పేసుకుందామనుకున్నాను. గోడ మీదికి ఎక్కింది అదే మరి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చాలాదూరం ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. దారిలో టిలారు ఊరు దాటాక అన్నాడు.

"ఆవిడ ఈ ముసిల్ది ఎవులు అని అడిగింది దేన్ని సూసి?"

"నేను తీసినదాన్ని."

"మరి నేను తీసినదాంట్లో ఆవిడ వేలు తన మొహం మీద ఆగనే లేదు" అన్నాడు. మళ్లీ తనే, "పెద్దకన్ను లెన్సే ఉంచుదాం. గుంపు ఫోటోలకి మనుషుల్ని రెండు వరసల్లో కూసోబెడతాను" అన్నాడు.

తమ్ముడు వచ్చి వెడల్పు లెన్సును చొక్కాలో చుట్టుకుని గరివిడి తీసుకెళ్లాడు. ఇస్తున్నప్పుడు ఈయన దాన్ని ఇంకోసారి కంటికి పెట్టుకుని వంటిల్లంతా చూసుకుని మరీ ఇచ్చాడు.

ఆ చలికాలం పూరీ వెళ్లాం. బండి ఆలస్యమై, బజారు చేరేసరికి దుకాణాల్లో లాంతర్లు వెలిగిస్తున్నారు. మా ఆయన కెమెరా సంచిలోంచి తీశాడు, రీలు తిప్పాడు, నాకివ్వడమే మామూలన్నంత సహజంగా నా చేతికిచ్చి నా బుట్ట తాను పట్టుకున్నాడు. గాజుల కొట్టులో ఒకావిడ కూతురి చేతికి గాజులు ఎక్కిస్తోంది. నేను రెండడుగులు ముందుకు వేసి, లాంతరు వెలుగు ఆ పిల్ల మణికట్టు మీద పడేదాకా ఆగాను. వెనక నుంచి జనం తోసుకుంటూ పోతున్నారు. నాకు తగలకుండా ఆయన బుట్ట అడ్డం పెట్టి, తొందర లేదు, తీసుకో అన్నాడు.