కదలని వేళ్ళ కోసం బెంగళూరు

మా ఆయన కుడిచేయి పడిపోయి ఏడాది దాటింది. కాలు నిలదొక్కుకుంది, మాట తిరిగింది. ఆకివీడు చర్చిలో డోలక్ వాయించిన చేయి మాత్రం ఒళ్లో పడి ఉంటుంది. వ్యాయామం చేయించే అమ్మాయి వేళ్ళు కదపమంటే, "మనసులో కదుపుతూనే ఉన్నానమ్మా" అనేవారు. "మనసులో అయితే నేను విమానం నడుపుతాను" అన్నారు మా బావగారు, అంటే ఈయన అన్నగారు. ఆ రోజు నుంచి ఈయన ఆ అమ్మాయిని రావద్దన్నారు. బావగారి మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకే మా అక్క కూతురు సుధ ఫోను చేయగానే బయలుదేరాను. అది బెంగళూరులో మెదడు మీద పరిశోధన చేస్తోంది. వేళ్ళు కదిపినప్పుడు, కదుపుతున్నట్టు ఊరికే ఊహించుకున్నప్పుడు మెదడు పొరల్లో ఏం జరుగుతుందో చూస్తారట. దానికి ఆరోగ్యవంతులు కావాలట.

కైకలూరులో బస్సు మారి, కొల్లేరు దాటి, మధ్యాహ్నానికి ఏలూరు చేరాను. ఆ దారిలో కిటికీ సీటు దొరికితే వదలకండి, చెరువు గట్ల మీద గూడబాతులు కనిపిస్తాయి. సాయంత్రం రైలెక్కి పులిహోర పొట్లం విప్పాను. ఎదుటి బెర్తులో జంగారెడ్డిగూడెం ఆవిడ పలకరించింది.

"ఏ పనిమీదండీ?"

"తలకాయ ఫొటో తీయించుకోడానికండి."

"అయ్యో, ఏమైందండీ?"

"నాకేం కాలేదండి. బాగున్న తలకాయలే కావాలంట."

ఆవిడ నమ్మలేదు. దిగేదాకా జాలిగా చూస్తూనే ఉంది.

మర్నాడు పరిశోధనశాలలో తాళి, గాజులు, జడపిన్నులు అన్నీ తీసి సుధ చేతికిచ్చాను. ఆ ఫొటోలు తీసే యంత్రంలో ఉన్నది మామూలు ఆసుపత్రుల్లో దానికన్నా బలమైన అయస్కాంతమట. వెళ్ళేవాళ్ళు ఒంటిమీద ఇనుపముక్క లేకుండా చూసుకోండి. పడుకోబెట్టే గొట్టంలో తల బియ్యపుగింజలో సగమైనా కదలకూడదన్నారు.

యంత్రం నడిపే ఆయనది తాడేపల్లిగూడెం. ఊరు వినగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. లోపల పడుకున్నాక మైకులో ఆయన, "బాగున్నారాండీ?" అన్నాడు. "ఆయ్" అని తల ఊపాను. కాసేపాగి, "చలిగా ఏమైనా ఉందాండీ?" అన్నాడు. లేదని మళ్ళీ ఊపాను. మర్యాదకు మర్యాద. ఫొటోలన్నీ చెడిపోయాయి.

సుధ లోపలికొచ్చి తల పట్టుకుంది. "పిన్నీ, ఎందుకు ఊపావే?"

"పలకరిస్తే కొయ్యలా పడుకోమంటావా?"

యంత్రం మాకు ఆ పూటకే దొరికింది. మళ్ళీ చెడితే నేను ఉత్తచేతులతో ఇంటికి పోవాలి.

"ఇంక నేను నోరెత్తనండి," అన్నాడు తాడేపల్లిగూడెం ఆయన.

"మీరు అడక్కపోతే నేనూ ఊపనండి," అన్నాను.

ఇద్దరు గోదావరి వాళ్ళు అంతసేపు మాట్లాడకుండా ఉండడం మాటలు కాదు. తెరమీద గుర్తు కనిపించినప్పుడల్లా వేళ్ళు కలిపాను. తర్వాత వేళ్ళు కదపకుండా, కలుపుతున్నట్టు ఊహించుకోమన్నారు. మా ఆయన ఏడాదిగా చేస్తున్నదిదే కదా అనిపించి కళ్ళు తడిశాయి. తుడుచుకోడానికీ లేదు.

మర్నాడు పొద్దున్నే సుధ బొమ్మ చూపించింది. మెదడు పైతొక్క పూతరేకు మడతల్లా పొరలు పొరలుగా ఉంటుందట. వేళ్ళు కదిపినప్పుడు పైపొరలూ అడుగుపొరలూ వెలిగాయి. ఊహించుకున్నప్పుడు పైపొరలు వెలిగాయి, చేతికి ఆజ్ఞ పంపే అడుగుపొరలు మాత్రం దాదాపు ఊరుకున్నాయి.

"ఇది నీ తలకాయ పిన్నీ. బాబాయి సంగతి దీన్నిబట్టి చెప్పలేం," అంది.

"తెలుసులేవే," అన్నాను.

తిరుగుప్రయాణంలో కైకలూరు బస్టాండులో మా ఆయన నిలబడి ఉన్నారు. ఒక్కరే వచ్చారట. ఆకివీడు బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను, సుధ అన్న మాటతో సహా.

"కదపకపోయినా లోపల పని జరిగిందా?" అన్నారు.

"జరిగిందండి. నేను కళ్ళారా చూశాను."

ఆయన సీటులో వెనక్కి వాలి కాళ్ళు చాపుకున్నారు. దూరం వెళ్ళొచ్చింది నేనైనా, అలసట తీరింది ఆయనకే అనిపించింది. ఊరు దగ్గరపడుతుండగా ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి నా ఒళ్లో పెట్టారు.

"రేపటినుంచి ఆ వ్యాయామం అమ్మాయిని రమ్మను," అన్నారు.