సత్రం యజమాని మాటలు

బెంజ్ సర్కిల్ దగ్గర మా అపార్ట్‌మెంటు ప్రహరీకి సున్నం వేస్తున్నారు. ముప్పై ఏళ్ళు సినిమాలకు మాటలు రాసి, రెండు సినిమాలు తీసి, ఇక ఓపిక లేక బాల్కనీలో కూలబడ్డ నాకు ఆ తడి వాసనకి చల్లపల్లి పక్కన, ఏటా క్రిస్మస్‌కు ముందు సున్నం వేసే మా ఊరి చర్చి గుర్తొచ్చింది.

డెబ్బైల్లో డిసెంబరు వచ్చిందంటే కోసిన వరి పనలు మంచుకు తడిసి పచ్చివాసన వేసేవి, ఇంటింటా వెదురుబద్దలు వంచి రంగుకాగితాలంటించి నక్షత్రాలు కట్టేవాళ్ళు, అమ్మ గులాబీపువ్వుల అచ్చును కాగే నూనెలో ముంచుతుంటే మేం విరిగిన ముక్కల కోసం పొయ్యి చుట్టూ కాచుకునేవాళ్ళం. బడిపంతులుగా రిటైరై చర్చి పెద్దగా ఉన్న తాతయ్య, నలగని పంచెతో కూర్చుని పాటలవాళ్ళకు తాళం సరిచేసేవారు.

ఆయన చిన్నకూతురు సుగుణత్త, సముద్రం పక్క పల్లెలో చేపల వ్యాపారం చేసే హిందువులబ్బాయిని తాతయ్య కాదన్నా పెళ్ళాడింది. నా పదకొండో ఏట, క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందు, ఏడోనెల కడుపుతో, పురిటికని ఒంటరిగా వచ్చింది.

"ఇక్కడ నీకు చోటు లేదమ్మా. వచ్చిన దారినే వెళ్ళు" అన్నారు తాతయ్య, గుమ్మంలోంచే. తలుపు చాటున నేను విన్నాను.

ఆ ఏడు పిల్లల నాటకం రాసే పని నాకిచ్చారు. నిండు గర్భిణి మరియమ్మను లోపలికి రానివ్వని సత్రం యజమాని నోట ఆ మాటలే అక్షరం మార్చకుండా పెట్టాను. అవి వినగానే ముందు వరసలో ఉన్న తాతయ్య లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచారు. చూసినవాళ్ళకు సంగతి అర్థమైపోయింది. నాకు మాత్రం లోలోపల గర్వంగా ఉంది.

మూడోనాడు తాతయ్యే బస్సెక్కి వెళ్ళి అత్తను పురిటికి తీసుకొచ్చారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అత్త మెచ్చుకుంటుందని నేనే ఆమె పక్కన చేరి నాటకం కథంతా చెప్పాను. ఆమె సగం ఒలిచిన చిక్కుడుకాయను చేటలో పడేసింది.

"నన్ను గుమ్మంలోంచి పంపేసిన సంగతి మా అత్తారింట్లో కూడా చెప్పలా. నువ్వు ఊరందరి ముందూ పెట్టావు. నన్నొక మాట అడగాలనిపించలా?" అంది.

కొడుకు పుట్టాడు, ఇల్లు మళ్ళీ సందడైంది. కానీ అత్త నా ఎదుట ఇంకెప్పుడూ తన కష్టం చెప్పుకోలేదు.

తర్వాత నేను రాసిన ఏడుపు సీన్లన్నీ ఎవరో ఒకరివే. మాటలు సహజంగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. నేను ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడా పెంకుల చర్చి లేదు, స్లాబు వేసి పెద్దది కట్టారు. నక్షత్రాలు బజార్లో ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయి. తాతయ్య ఏనాడో పోయారు. అత్త పోయి రెండేళ్ళు. చివరి రోజుల్లో ఆస్పత్రిలో మంచం పక్కనే కూర్చుని, ఎలా ఉందత్తా అని ఎన్నిసార్లు అడిగినా, "బానే ఉందమ్మా" అనే అంది.