హోరు ఆగిన సెట్టు

రేడియోలు బాగుచేసే ఆవిడని వీధంతా హోరత్త అంటారు. ఆవిడ కొట్లో ఎప్పుడూ ఏదో ఒక సెట్టు హోరుమంటూనే ఉంటుంది. ఆ పేరు పెట్టిన వాళ్లే సెట్టు మూగబోతే ఆవిడ గుమ్మం ఎక్కాలి గనక, ఆవిడకి కోపం లేదు, గర్వమే.

ఆ మధ్యాహ్నం మేనకోడలు, పడవలతో మాట్లాడే రేడియో సెట్టును చంటిపిల్లలా ఎత్తుకొని వచ్చింది. తన మొగుడూ తమ్ముడూ చేపల వేటకెళ్లిన పడవ తిరిగి రాలేదు. రేవు మనుషులు వెతికి చేతులెత్తేశారు. ఇంట్లో ఉన్న ఈ సెట్టేమో కిందపడి శ్రుతి తప్పింది.

"ఏడుపు తర్వాత. ముందు ఆ దీపం ఇటు జరుపు," అంది అత్త.

"నీ సిగ్నల్ యంత్రం ముప్పై మెగాహెర్ట్జ్ దాటదుగా అత్తా! దీనికి నూట యాభై కావాలి."

"మీ మామయ్య ఇక్కడ అరిస్తే వీధి చివర వినపడదూ? ఇదీ అంతే. ముప్పై దగ్గర పలికిస్తే అరవైలో, తొంభైలో, అలా పైకి పాకుతుంది. పైకెళ్లే కొద్దీ పీలగొంతు. ఐదో మెట్టు మనది."

ఇలాంటి సెట్టుకి సిగ్నల్ తగిలితే మోత రాదు, హోరు ఆగిపోతుంది. అత్త లోపలి మర మెల్లగా తిప్పింది. హోరు చప్పున చచ్చింది. ఒక్క గుర్తుని నమ్మే మనిషి కాదావిడ. యంత్రాన్ని పాతికకు దించింది. నూట యాభై నిజమైతే ఆరో మెట్టు తగలాలి. నిశ్శబ్దం. సరే. ఇరవై ఏడుకు తిప్పింది. దీని మెట్లేవీ నూట యాభై మీద పడవు, ఇక్కడ హోరు తిరిగి రావాలి.

రాలేదు.

యంత్రం తీగ పీకేసింది. అయినా రాలేదు. అత్త సెట్టు మీదికి వంగింది.

"అవతల ఎవరో మాట్లాడే మీట నొక్కి పట్టుకున్నారే," అంది గొంతు తగ్గించి. "మైకు తడిసిందో, మాటే పడిపోయిందో."

అంతలో హోరు లేచింది. అత్త మైకు మేనకోడలి చేతిలో కుక్కింది.

"ఏవయ్యా, నువ్వేనా? అవునంటే ఒకసారి నొక్కు. కాదంటే రెండుసార్లు."

హోరు ఆగింది. లేచింది. ఇక ఆగలేదు. మేనకోడలు నవ్వబోయి భోరుమంది.

అత్త మైకు లాక్కుంది. పడవలో వెళ్లిన ఆ తమ్ముణ్ణి, తల్లి లేని మేనల్లుణ్ణి, పెంచింది తనే.

"బాబూ, మావాడు నీ పక్కనున్నాడా?"

హోరు సాగుతూనే ఉంది. చాలాసేపటికి ఆగింది. మళ్లీ లేచింది.

"ఒకటే అత్తా! ఒకటే!"

"నోర్ముయ్యవే!" అత్త సెట్టుకి చెవి ఆనించింది.

హోరు ఇంకోసారి ఆగింది.