రాజవ్వ నిద్రకు సంజాయిషీ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మండు వేసవిలో, నన్ను బెల్లంపల్లిలోని ఒక ట్రస్టు ఆసుపత్రికి ఆక్యుపంక్చర్ వైద్యురాలిగా పంపారు. మందులు రాయని డాక్టరుకు గది ఎందుకనుకున్నారేమో, స్టోరు పక్కన మంచం పట్టేంత చోటిచ్చారు.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చింది ముట్లు ఆగిపోయే వయసు ఆడవాళ్లు. ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు, చెమటలు, ఆపైన నిద్ర కరువు. వాళ్లలో రాజవ్వ ఒకరు. నెలల తరబడి కంటి మీద కునుకు లేక, పొయ్యి ముందు తూలి చెయ్యి కాల్చుకుంది. చికిత్స పద్ధతి చిన్నదే. మణికట్టు లోపలి మడతలో, చీలమండకు పైన వెంట్రుకంత సూదులు పెట్టి, అరగంట కదలకుండా పడుకోబెట్టి, తలుపు మూయడం. కొన్ని వారాలకు ఆమెకు నిద్ర పట్టింది. సూదుల వల్లనో, ఆ అరగంట ఎవరూ పిలవనందువల్లనో నేటికీ తేల్చి చెప్పలేను.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. అక్కడివాళ్లు బొగ్గు గనిని బాయి అంటారు. పొద్దు పొడవక ముందే మొదటి షిఫ్టుకు బయల్దేరే మనిషికి భార్య ఎదురొస్తేనే శకునం బాగున్నట్టు. ఒకనాడు ఎంత పిలిచినా రాజవ్వ లేవలేదు. ఆమె భర్త మల్లయ్య ఎదురు లేనిదే కదలనని గడప దగ్గరే కూర్చొని షిఫ్టు పోగొట్టుకున్నాడు.

మర్నాడు కార్మిక సంఘం నాయకుణ్ని వెంటబెట్టుకొచ్చి సూదులు ఆపమన్నాడు. ఆపకపోతే పొద్దున లేపే సూది కూడా వేయాలట. గొడవ విని మా సూపరింటెండెంటు గారూ వచ్చి నన్ను సంజాయిషీ అడిగారు. రోగికి నిద్ర రాకపోతే ఏ డాక్టరునూ అడగని మనిషి, వచ్చినందుకు అడిగారు. పైగా ఉపాయం కూడా చెప్పారు: మల్లయ్యకు మొదటి షిఫ్టు ఉన్న వారాల్లో సూదులు మానేయాలి. నాకు ఒళ్లు మండింది. ఆ మంటకు వయసుతో సంబంధం లేదు.

ఇదంతా రాజవ్వ చేతికి సూదులుండగానే జరిగింది. కదలకూడదు కనుక పైకప్పు వైపు చూస్తూనే మాట్లాడింది.

"నువ్వు బాయిల దిగితె పైకొచ్చేదాక గిన్నేండ్లు నేను కన్ను మూయలే. గిప్పుడు జర నేను పండుకుంటె నీకు బాయి తొవ్వ దొరుకుతలేదా?"

మల్లయ్య నాయకుడి వైపు చూశాడు. నాయకుడు గొంతు సవరించుకొని, వేతన ఒప్పందం చదువుతున్నంత గంభీరంగా తీర్పిచ్చాడు.

"పండుకున్న మొకం సూసి పోయినా ఎదురొచ్చినట్టే. లేపుడు మాత్రం వద్దు."

ఆనాటి నుంచి మల్లయ్య నిద్రపోతున్న భార్య ముఖం చూసి, తన క్యారియర్ తానే కట్టుకుని పోయేవాడు. శకునానికి లోటు రాలేదు. సంజాయిషీ మాత్రం నేను రాసిచ్చాను, ఉద్యోగం కదా.

ఆ తర్వాత నిద్ర పట్టదని వచ్చిన ఏ ఆడమనిషికైనా సూది పెట్టే ముందు, ఇంట్లో ఆమెను లేపేదెవరని అడిగేదాన్ని. తరచుగా ముందు ఆ మనిషినే పిలిపించాల్సి వచ్చేది.